ముప్పై ఒకటో రోజు సంగతేమిటి?

గల్ఫ్ దేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఇంటికి పంపేది డబ్బు ఒక్కటే కాదు, అక్కడి అలవాట్లను కూడా పంపిస్తుంటారు. ఒకప్పుడు అత్తరు సీసాలు, ఖర్జూరం పెట్టెలు, టేప్ రికార్డర్లు వచ్చేవి. ఆ తర్వాత పెళ్ళి విందుల్లోకి మండీ వచ్చింది. ఇప్పుడు మరొకటి వస్తోంది. దాని పేరు 'ముప్పై రోజుల ఫిట్‌నెస్ ఛాలెంజ్'. దాని వెన్నంటే 'క్లీన్ ఈటింగ్' అనే మాట కూడా వస్తోంది. నిజామాబాద్, కరీంనగర్, కడప, హైదరాబాద్ పాతబస్తీ... దుబాయిలో కొడుకో, అల్లుడో ఉన్న ఇళ్ళల్లో నేడు ఈ మాట వినిపిస్తోంది.

దీని పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకోవాలి. 2017లో దుబాయి యువరాజు షేక్ హమ్దాన్ బిన్ ముహమ్మద్ ఈ కార్యక్రమాన్ని ప్రారంభించారు. రోజుకు 30 నిమిషాల చొప్పున 30 రోజులపాటు నగర ప్రజలంతా ఏదో ఒక వ్యాయామం చేయాలన్నది దాని సారాంశం. ప్రతి యేటా అక్టోబరు చివర్లోనో, నవంబరులోనో ఇది జరుగుతుంది. నిత్యం వేలాది కార్లతో హోరెత్తే షేక్ జాయెద్ రోడ్డును ఒక ఉదయం వాహనాలకు మూసివేసి, జనం పరుగెత్తడానికి వదిలిపెడతారు. పిల్లలు, వృద్ధులు, స్త్రీలు, పురుషులు, అన్ని దేశాలవారూ అందులో పాల్గొంటారు.

ఇంతవరకు మెచ్చుకోదగిన విషయమే. ఆ కార్యక్రమం కోరింది రోజుకు అరగంట వ్యాయామం మాత్రమే. తిండి జాబితాలు వేరే దారిలో వచ్చాయి. 2009లో అమెరికాలో 'హోల్ థర్టీ' అనే పథ్యం ఒకటి మొదలైంది. ముప్పై రోజులపాటు పంచదార, ధాన్యాలు, పప్పులు, పాలు అన్నీ మానేయాలన్నది దాని నియమం. ఇలాంటి పథ్యాలు జిమ్ముల ద్వారా, సెల్‌ఫోన్ల ద్వారా ప్రపంచమంతా పాకి, చివరకు ఫిట్‌నెస్ ఛాలెంజ్‌తో ముడిపడిపోయాయి. ఫలితంగా ఈరోజు మన ఇళ్ళల్లో కుర్రవాళ్ళు అన్నం పళ్ళేన్ని పక్కకు నెట్టి, "అమ్మీ, ఈ నెల నేను శుభ్రమైన తిండి మాత్రమే తింటాను" అంటున్నారు.

మరి ఇన్నాళ్ళూ ఆ తల్లి పెట్టింది అశుభ్రమైన తిండా? ముప్పై రోజులు గడిచాక, ముప్పై ఒకటో రోజున ఆ పళ్ళెంలో ఏముంటుంది? మన కుటుంబాలు నిదానంగా ఆలోచించవలసిన ప్రశ్నలివి.

శరీరం ఒక అమానతు

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఆరోగ్యం కోసం శ్రద్ధ తీసుకునే యువకుణ్ణి చూసి పెదవి విరిచే పెద్దలు మనలో కొందరున్నారు. "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" అంటారు వారు. ఈ ధోరణి సరైనది కాదు. మన శరీరం మన సొంత ఆస్తి కాదు. అది అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. పగలంతా ఉపవాసాలతో, రాత్రంతా నమాజులతో గడుపుతున్న యువ సహచరుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర)ను దైవప్రవక్త (స) వారించి, శరీరానికి కూడా అతనిపై హక్కుందని బోధించారు. బలహీనుడైన విశ్వాసి కన్నా బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతిపాత్రుడని, అయితే ఇద్దరిలోనూ మేలుందని కూడా ఆయన (స) సెలవిచ్చారు.

మన పరిస్థితి ఎలా ఉంది? భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు మధుమేహం ఉందని, మరో 13 కోట్లకు పైగా దాని అంచున ఉన్నారని ఆ సర్వే అంచనా వేసింది. ఇందులో హిందువులనీ, ముస్లిములనీ తేడా లేదు. ఏ మసీదులోనైనా జుమా నమాజు తర్వాత కాసేపు నిలబడి చూడండి. కుర్చీలో కూర్చుని నమాజు చేసేవారి సంఖ్య ఏటేటా పెరుగుతోంది. నలభై ఏళ్ళకే షుగరు మాత్రలు, యాభై ఏళ్ళకే మోకాళ్ళ నొప్పులు, అరవై ఏళ్ళకు కిడ్నీ ఆసుపత్రి. ఒక్కో జబ్బు ఒక్కో కుటుంబం కూడబెట్టుకున్న సొమ్మును ఊడ్చుకుపోతోంది. కాబట్టి కుర్రవాడు మైదా, పంచదార, కూల్ డ్రింకులు మానేస్తానంటే సంతోషించాలి. రోజుకు అరగంట నడుస్తానంటే అతనితోపాటు మనమూ నడవాలి.

ఆ తర్వాతే 'శుభ్రం' అనే మాటను పరిశీలించాలి. ఎందుకంటే ఆ మాట మనకు కొత్తది కాదు. అది దుబాయి నుండో, అమెరికా నుండో రాకముందే మన ఇంట్లో ఉంది.

'తయ్యిబ్' అంటే ఏమిటి?

దివ్య ఖుర్ఆన్‌లో అల్లాహ్ విశ్వాసులను మాత్రమే కాక సమస్త మానవులనూ సంబోధించి, భూమిపై లభించే వాటిలో హలాల్ అయినవాటిని, తయ్యిబ్ అయినవాటిని భుజించమని ఆదేశించాడు (అల్ బఖర: 168). హలాల్ అంటే ధర్మసమ్మతమైనది. తయ్యిబ్ అంటే పరిశుద్ధమైనది, మేలైనది, మనసుకూ ఒంటికీ హితమైనది. ఈ రెండు మాటలూ జంటగా వచ్చాయి. కాని మనం మొదటి దాన్ని సగం పట్టుకుని, రెండవ దాన్ని మొత్తంగా వదిలేశాం.

సగం అని ఎందుకంటున్నానంటే, హలాల్ అనగానే మనకు కసాయి దుకాణం మాత్రమే గుర్తుకొస్తుంది. 'బిస్మిల్లాహ్' చెప్పి కోశారా లేదా అని విచారిస్తాం. అది విచారించవలసిందే. కాని ఆ మాంసం కొన్న డబ్బు ఎక్కడిదని విచారిస్తున్నామా? దూర ప్రయాణం చేసి, దుమ్ము కొట్టుకుపోయిన తలతో, చేతులెత్తి ప్రభువును వేడుకుంటున్న ఒక మనిషి గురించి దైవప్రవక్త (స) ప్రస్తావించారు. అతని తిండి, అతని పానీయం, అతని దుస్తులు హరామ్ అయినప్పుడు అతని ప్రార్థన ఎలా స్వీకరించబడుతుందని ఆయన (స) ప్రశ్నించారు. ఈ హదీసు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది.

ఈ హదీసు వెలుగులో మన 'శుభ్రమైన తిండి'ని ఒకసారి చూసుకుందాం. అక్కాచెల్లెళ్ళకు తండ్రి ఆస్తిలో రావలసిన వాటా ఎగ్గొట్టిన ఇంట్లో బాదం పప్పులు నానబెట్టుకుని తింటే అది శుభ్రమైన తిండి అవుతుందా? వియ్యంకుడి మెడ మీద కత్తిపెట్టి గుంజిన కట్నం సొమ్ముతో జిమ్ము ఫీజు కట్టి, నూనె లేని కోడిమాంసం తింటే ఆ ఒంటికి ఏం శుభ్రత వస్తుంది? పనివాడికి నెల జీతం నిలిపి ఓట్స్ డబ్బాలు కొంటే ఎలా? డబ్బా మీద ఎన్ని కేలరీలున్నాయో రాసి ఉంటుంది. ఎవరి హక్కు కలిసి ఉందో మాత్రం రాసి ఉండదు. ఆ లెక్క ఇంకోచోట రాయబడుతుంది.

ఇక తయ్యిబ్‌ను మొత్తంగా వదిలేశామని ఎందుకన్నానంటే, హలాల్ అయితే చాలు, ఎంతైనా తినొచ్చు, ఎలాగైనా తినొచ్చు అనే భ్రమ మనలో పాతుకుపోయింది. తినండి, తాగండి, కాని మితిమీరవద్దని అల్లాహ్ ఆజ్ఞాపించాడు (అల్ ఆరాఫ్: 31). మనిషి నింపే పాత్రల్లో కడుపును మించిన చెడ్డ పాత్ర లేదని, నడుము నిలబెట్టేందుకు కొన్ని ముద్దలు చాలని, అంతకు మించి తప్పదనుకుంటే కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు వదలమని దైవప్రవక్త (స) నేర్పారు. హలాల్ బిర్యానీ అయినా మూడు పళ్ళేలు తింటే ఆ ఆజ్ఞను మీరినట్టే. పథ్యం పుస్తకాలు మనకు కొత్తగా చెప్పేదేముంది?

డబ్బాల్లోని శుభ్రత

క్లీన్ ఈటింగ్ పేరిట అమ్ముడవుతున్న డబ్బాల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. జిమ్ములో చేరిన కుర్రవాడు మొదట అడిగేది ప్రోటీన్ పొడి డబ్బా. దాని ధర వేలల్లో ఉంటుంది. అసలు మనిషికి రోజుకు ఎంత ప్రోటీన్ కావాలి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం శరీర బరువులో కిలోకు 0.83 గ్రాములు. అంటే 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పెరుగు, శనగలు, చేపలు, కాస్త మాంసం మన వంటల్లో ఎలాగూ ఉంటాయి. కండలు పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. 1918లో కూనూరులో ఒక్క గదిలో పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ అది. మన ఊళ్ళోనే ఉన్న ఆ పెద్దల మాట వినకుండా, ఎక్కడో కండలు చూపించి పొడి అమ్ముకునేవాడి మాట వింటున్నాం.

ఇక్కడ హలాల్ ప్రశ్న కూడా ఉంది. విటమిన్ గొట్టాలకు, జెల్లీలాంటి మాత్రలకు వాడే జెలటిన్‌ను జంతువుల చర్మం, ఎముకల నుండి తీస్తారు. పంది నుండి తీసే జెలటిన్ కూడా మార్కెట్లో ఉంది. కసాయి దగ్గర అంత పట్టింపుగా విచారించే మనం, 'క్లీన్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న డబ్బా వెనుక చిన్న అక్షరాలను చదువుతున్నామా? ఇక కొన్ని చోట్ల గుట్టుగా ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ల గురించి తల్లిదండ్రులు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. కండ పెరుగుతుంది, గుండె, కాలేయం దెబ్బతింటాయి.

హలాల్‌ను హరామ్ చేసుకోకండి

కొందరు యువకులు ఒక అడుగు ముందుకేసి అన్నం, రొట్టె, పప్పు, పాలు 'చెత్త తిండి' అనే స్థాయికి వెళ్తున్నారు. వైద్యుడు ఒక రోగికి పంచదార మానమంటే, ఉప్పు తగ్గించమంటే తప్పక పాటించాలి. అది వేరే సంగతి. కాని ఆరోగ్యంగా ఉన్న మనిషి, ఎవరో ఫోన్లో చెప్పారని అల్లాహ్ ప్రసాదించిన మంచి వస్తువులను నిషిద్ధాలుగా భావించడం మాత్రం తగదు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన పరిశుద్ధ వస్తువులను నిషేధించుకోవద్దని, హద్దులు మీరవద్దని ఖుర్ఆన్ హెచ్చరించింది (అల్ మాయిదా: 87).

సహాబాల్లో ముగ్గురు వ్యక్తులు ఒకసారి అతి నియమాలు పెట్టుకున్నారు. ఒకరు రాత్రంతా నమాజు చేస్తానన్నారు. ఒకరు రోజూ ఉపవాసం ఉంటానన్నారు. మరొకరు పెళ్ళి మానేస్తానన్నారు. దైవప్రవక్త (స) వారిని మెచ్చుకోలేదు. తాను ఉపవాసం ఉంటానని, విరమిస్తానని, నమాజు చేస్తానని, నిద్రపోతానని, స్త్రీలను వివాహమాడతానని చెప్పి, తన సంప్రదాయం నుండి మరలినవాడు తనవాడు కాడని తేల్చి చెప్పారు. ఆరాధనలోనే అతి పనికిరానప్పుడు, నడుము చుట్టుకొలత కోసం చేసే అతి ఎలా పనికొస్తుంది?

మరో మాట. దైవప్రవక్త (స) ఎన్నడూ ఏ ఆహారానికీ వంక పెట్టలేదని హజ్రత్ అబూ హురైరా (ర) తెలిపారు. ఇష్టమైతే తినేవారు, ఇష్టం లేకపోతే ఊరకుండేవారు. రాయలసీమ రైతు తినే రాగి సంకటి, తెలంగాణ కూలీ తినే జొన్నరొట్టె, రేషను బియ్యంతో వండిన అన్నం, ఇవన్నీ అల్లాహ్ ఇచ్చిన జీవనోపాధే. వాటిని 'డర్టీ' అంటే తిండికే కాదు, తినే మనిషికి కూడా వంక పెట్టినట్లవుతుంది. శుభ్రతకు వ్యతిరేక పదం పేదరికం కాదని మన పిల్లలకు చెప్పాలి.

వంటగదిలో ఉన్న మనిషి

ఒక్కరి పథ్యం మొదలైన ఇంట్లో ఏం జరుగుతుందో గమనించండి. కొడుక్కి ఉడికించిన కూరగాయలు, నూనె లేని మాంసం. భర్తకు మామూలు కూర. అత్తగారికి కారం తక్కువ కూర. పిల్లలకు ఇంకేదో. ఈ నాలుగు వంటలూ చేసేది ఒకే మనిషి. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినేది కూడా ఆమే. ఆమె పళ్ళెంలో ఏముందో, ఎన్ని గ్రాముల ప్రోటీన్ ఉందో ఎవరూ లెక్కపెట్టరు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కొడుకు రోజుకు ఆరు గుడ్లు తింటుంటే, చెల్లెలి పళ్ళెంలో ఒక్క గుడ్డు కూడా లేకపోతే, ఆ ఇంట్లో జరుగుతున్నది క్లీన్ ఈటింగ్ కాదు. అది అన్యాయం. శుభ్రమైన తిండికి మొదటి షరతు న్యాయమైన పంపకం.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (ర) ఒకసారి తన ధర్మసోదరుడు హజ్రత్ అబూ దర్దా (ర) ఇంటికి వెళ్ళారు. అబూ దర్దా భార్య మాసిన బట్టల్లో కనిపించారు. కారణమడిగితే, తన భర్తకు ఈ ప్రపంచంతో పనిలేదని ఆమె చెప్పారు. ఆ తర్వాత అబూ దర్దా అతిథికి భోజనం వడ్డించి, తాను ఉపవాసంలో ఉన్నానన్నారు. నీవు తినేవరకు నేను తిననని సల్మాన్ పట్టుబట్టారు. ఆయన తన నఫిల్ ఉపవాసం విరమించి అతిథితో కలిసి భుజించారు. నీ ప్రభువుకు నీపై హక్కుంది, నీ ప్రాణానికి హక్కుంది, నీ ఇంటివారికి హక్కుంది, ఎవరి హక్కు వారికివ్వమని సల్మాన్ (ర) ఆయనకు హితవు పలికారు. సంగతి విన్న దైవప్రవక్త (స), సల్మాన్ నిజం చెప్పాడన్నారు. ఒక్కడే కూర్చుని ఒక్కడి నియమం పాటించుకునేవారు ఈ సంఘటనను పదే పదే చదువుకోవాలి.

వ్యాయామం మాట కూడా అంతే. తమ్ముడు జిమ్ముకు వెళ్తాడు, అక్క గదిలో కూర్చుంటుంది. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసుకున్నారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆయన (స) ఇంటి పనుల్లో భార్యలకు సాయపడేవారని కూడా ఆమే చెప్పారు. మన ఆడపిల్లలు, తల్లులు ఫజర్ తర్వాత ఇంటివారితో కలిసి అరగంట నడిస్తే పరువు పోతుందా? మగవారు ఉల్లిపాయలు కోసి, గిన్నెలు కడిగితే మర్యాద తగ్గుతుందా? ముప్పై రోజుల ఛాలెంజ్ చేయదలచిన కొడుకు, ముందు తన వంట తానే చేసుకుంటానని ఛాలెంజ్ చేయాలి.

చెమటోడ్చేవారి మాట

షేక్ జాయెద్ రోడ్డు మీద పరుగెత్తే ఆఫీసు ఉద్యోగి ఉన్న నగరంలోనే, ఆ రోడ్డు పక్క భవనాలు కట్టిన మన కూలీలూ ఉన్నారు. ఎండలు మండే జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుండి మూడు గంటల దాకా ఆరుబయట పని చేయించకూడదని ఆ దేశంలో నిబంధన ఉంది. అంతటి శ్రమ వారిది. పగలంతా ఇనుము మోసినవాడికి అరగంట వ్యాయామం చేయమని ఎవరు చెప్పగలరు? అతనికి కావలసింది విశ్రాంతి, కడుపునిండా అన్నం, గది మనుషులతో కలిసి వండుకున్న పప్పుకూర. అన్నం మానమని కుర్చీలో కూర్చునేవాడికి చెప్పిన సలహా అతనికి వర్తించదు. ఎవరి శ్రమను బట్టి వారి తిండి. ఈ సత్యాన్ని ఏ జాబితా చెప్పడం లేదు.

మన పొరుగున కూడా చూసుకోవాలి. పులుసు వండితే కాస్త నీళ్ళెక్కువ పోసి పొరుగువారికి పంచమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (ర)కు ఉపదేశించారు. తూచి, కొలిచి డబ్బాలో సర్దుకున్న పథ్యపు తిండిలో పొరుగువాడికి వాటా ఉండదు. పులుసు గిన్నెలో ఉంటుంది. బరువు తగ్గాలనుకునేవారికి ఇంతకన్నా మంచి ఉపాయం ఏముంది? మన పళ్ళెంలో ఒక ముద్ద తగ్గించి, ఆ ముద్దను ఆకలిగొన్నవాడి పళ్ళెంలో చేర్చాలి.

రంజాన్‌ను ఛాలెంజ్‌గా మార్చకండి

ముప్పై రోజులనగానే చాలామందికి రంజాన్ మాసం గుర్తుకు వస్తుంది. "రంజాన్ కూడా ఒక ఫిట్‌నెస్ ఛాలెంజే కదా!" అనేవారు తయారయ్యారు. ఈ మాట పైకి తియ్యగానే ఉన్నా, ప్రమాదకరమైనది. ఉపవాసం ఆరాధన. దాని ఉద్దేశం దైవభీతి అని ఖుర్ఆన్ స్వయంగా ప్రకటించింది (అల్ బఖర: 183). ఆచరణలు సంకల్పాన్ని బట్టి ఉంటాయి. బరువు తగ్గేందుకు పస్తున్నవాడికి బరువు తగ్గవచ్చు, అంతటితో సరి. ఉపవాసం ఫొటోలు తీసి, తూనిక యంత్రం అంకెలు నలుగురికీ చూపిస్తే అందులోకి ప్రదర్శనాబుద్ధి ప్రవేశిస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారు వైద్యుణ్ణి సంప్రదించకుండా పంతానికి ఉపవాసాలు పాటించడం కూడా ధర్మం కాదు. రోగులకు అల్లాహ్ మినహాయింపు ఇచ్చాడు.

కాని నిజం చెప్పుకోవాలంటే, రంజాన్‌లో మనం చేస్తున్నది దీనికి పూర్తి విరుద్ధం. పగలంతా కడుపును ఖాళీగా ఉంచి, సాయంత్రం పది నిమిషాల్లో దాన్ని నింపేస్తున్నాం. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో, అవి లేకపోతే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకపోతే కొన్ని గుక్కల నీటితో ఇఫ్తార్ చేసేవారు. మన దస్తర్‌ఖాన్ మీద మిరపకాయ బజ్జీలు, సమోసాలు, దహీ వడ, ఎర్రటి షర్బత్ బారులు తీరతాయి. ఆపైన హలీమ్. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్ మన గర్వకారణమే. గోధుమ, పప్పులు, మాంసం కలిసిన బలమైన ఆహారం అది. కాని ఒక చిన్న గిన్నె హలీమే ఒక పూట భోజనమని మరిచి, దాని మీద బిర్యానీ, దాని మీద డబుల్ కా మీఠా తింటే, తరావీహ్‌లో రుకూకు వంగడమే కష్టమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచన ప్రకారం రోజుకు 2000 కేలరీలు తినేవారికి పంచదార 50 గ్రాములు మించకూడదు, వీలైతే 25 గ్రాములు దాటకూడదు. రెండు గ్లాసుల షర్బత్, ఒక కప్పు మీఠాతో ఆ లెక్క ఎక్కడికి చేరుతుందో మన గృహిణులే చెప్పగలరు. బజ్జీల బాణలిలో నూనె మాటేమిటి? నూనె మళ్ళీ మళ్ళీ కాగితే అందులో హానికర పదార్థాలు పెరుగుతాయి. 'పోలార్ కాంపౌండ్లు' 25 శాతం మించిన నూనెను వాడకూడదన్న ప్రభుత్వ నిబంధన 2018 జూలై 1 నుండి అమల్లో ఉంది. నిబంధన అధికారుల కోసం మాత్రమేనా? అమ్మేవాడూ ముస్లిమే, కొనేవాడూ ముస్లిమే అయిన వీధిలో, నల్లబడిన నూనెలో వేయించి ఉపవాసికి తినిపించడం తయ్యిబ్ ఎలా అవుతుంది?

ముప్పై ఒకటో రోజు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఛాలెంజ్ పూర్తయిన మర్నాడు కుర్రవాడు మిత్రులతో హోటలుకు వెళ్ళి, ముప్పై రోజుల కసి ఒక్క పూటలో తీర్చుకుంటాడు. రంజాన్ పూర్తయిన మర్నాడు మన మసీదులు సగం ఖాళీ అవుతాయి. రెండింటిలోనూ లోపం ఒక్కటే. నెలను గమ్యం అనుకున్నాం, అది ప్రారంభమని మరిచాం. కొంచెమైనా సరే, నిరంతరం సాగే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమని దైవప్రవక్త (స) బోధించారు. అందుకే రంజాన్ తర్వాత షవ్వాల్‌లో ఆరు ఉపవాసాలు, ప్రతి వారం సోమ, గురువారాలు, ప్రతి నెల 13, 14, 15 తేదీల ఉపవాసాలు మనకు ప్రోత్సహించబడ్డాయి. నెల రోజుల శిక్షణ ఏడాది పొడవునా ఆరిపోకుండా చేసిన ఏర్పాటు ఇది.

కాబట్టి ముప్పై రోజుల ఛాలెంజ్ చేయదలచినవారు తప్పక చేయండి. కాని ఒక్కరే చేయకండి, ఇంటిల్లిపాదీ కలిసి చేయండి. అందరికీ ఒకటే వంట, అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండనివ్వండి. అన్నం తగ్గించండి, అన్నాన్ని తిట్టకండి. వంటనూనె, పంచదార నెలకు ఎన్ని కిలోలు వస్తున్నాయో చీటీ మీద రాసి, వచ్చే నెల కొంత తగ్గించండి. ఇంటి ఇల్లాలు అందరితోపాటే కూర్చుని, అందరు తినేదే తినాలన్నది ఆ ఇంటి మొదటి నియమం కావాలి. మసీదు దగ్గరలో ఉంటే బండి తీయకుండా నడిచి వెళ్ళండి. ఐదు పూటలా నడిచేవారికి అరగంట వ్యాయామం అక్కడే పూర్తవుతుంది, వేసే ప్రతి అడుగుకూ పుణ్యం లభిస్తుంది.

మసీదు కమిటీలు కూడా పూనుకోవాలి. ఇఫ్తార్ ఏర్పాట్లలో బజ్జీల స్థానంలో ఖర్జూరాలు, పండ్లు, ఉడికించిన శనగలు, పలుచని గంజి పెట్టవచ్చు. ఖర్చు పెరగదు, తరిగే అవకాశమే ఎక్కువ. ఇమాములు ఏడాదికి ఒక్క జుమా ప్రసంగమైనా 'తయ్యిబ్' గురించి చేయాలి. అందులో నూనె గురించి, పంచదార గురించి మాట్లాడుతూనే, కట్నం గురించి, అక్కాచెల్లెళ్ళ వాటా గురించి, కూలీవాడి జీతం గురించి కూడా మాట్లాడాలి. అప్పుడే ఆ మాట సంపూర్ణమవుతుంది.

మనిషి తన ఆహారం వైపు ఒకసారి చూడాలని ఖుర్ఆన్ పిలుపునిచ్చింది (అబస: 24). అది ఎక్కడి నుండి వచ్చింది, ఎవరి చెమటతో వచ్చింది, ఎంత తింటున్నాం, ఎవరికి పెడుతున్నాం అని చూసుకోవడమే ఆ పిలుపుకు మనమివ్వగల జవాబు.

మన సంపాదనను, మన వంటగదులను, మన పళ్ళేలను పరిశుద్ధం చేసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.